నారుమడి చూడకుండా నాట్లు వేసే క్లినిక్‌లు

మా బావమరిదికి 26 ఏళ్లు. మాదాపూర్‌లో ఉద్యోగం. నుదురు రెండు పక్కలా లోపలికి జరిగింది, లైటు కింద కూర్చుంటే నడినెత్తిన చర్మం కనిపిస్తుంది. సంబంధాలు చూడటం మొదలయ్యాక వాడికి టెన్షన్ పట్టుకుంది. ఒక శనివారం "బావా, నువ్వూ రా" అని నన్ను వెంటబెట్టుకుని మూడు హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్ క్లినిక్‌లు తిప్పాడు.

మొదటి చోట టై కట్టుకున్న ఒకాయన ఫోన్‌తో నుదుటి ఫొటో తీసి, దాని మీద పెన్నుతో గీత గీసి, "నాలుగున్నర వేల గ్రాఫ్ట్‌లు సార్" అన్నాడు, అంటే వెనక నుంచి తీసి నాటే కుదుళ్ల గుంపులు అన్ని కావాలని. ఈఎంఐ లెక్క కూడా వెంటనే వచ్చేసింది. ఆయన డాక్టరు కాదు. తల వెనక్కి తిప్పమని ఒక్కసారి కూడా అడగలేదు. రెండో చోట బోర్డు మీద ముగ్గురు డాక్టర్ల పేర్లున్నాయి, లోపల ఒక్కరూ లేరు. "ఆపరేషన్ రోజు వస్తారు" అన్నారు. మూడో చోట ఫీజు కట్టి గంటన్నర కూర్చున్నాం. డాక్టరు వాడి ముందు జుట్టు కంటే వెనక జుట్టునే ఎక్కువసేపు చూశాడు, అదీ చర్మానికి ఆనించి చూసే చిన్న భూతద్దంతో. తర్వాత అడిగిన ప్రశ్న: "మీ నాన్నగారికి ఎలా ఉంది? మేనమామలకు?"

మా మామగారి తల గురించి కొత్తగా చెప్పేదేమీ లేదు. నున్నగా ఉంటుంది.

ఆ ప్రశ్న ఎందుకు అడిగాడో తెలియాలంటే అసలు ఈ ఆపరేషన్ ఏమిటో తెలియాలి. మగవాళ్లలో వంశపారంపర్యంగా వచ్చే బట్టతలకు కారణం డీహెచ్‌టీ అనే హార్మోను. దానికి తట్టుకోలేని కుదుళ్లు ఏడాదికేడాది సన్నబడి చివరికి మూసుకుపోతాయి. ఈ బలహీనత ముందు, నడినెత్తిన ఉండే కుదుళ్లకే. చెవుల పైన, తల వెనక ఉండే కుదుళ్లను డీహెచ్‌టీ పెద్దగా ఏమీ చేయదు. అందుకే పూర్తిగా బట్టతల అయినవాళ్లకు కూడా వెనక గుర్రపు నాడా ఆకారంలో జుట్టు మిగులుతుంది. 1950ల్లో న్యూయార్క్‌లో నార్మన్ ఓరెన్‌ట్రైక్ అనే చర్మవైద్యుడు వెనక నుంచి తీసిన కుదుళ్లను ముందు పెట్టి చూశాడు. అవి కొత్త చోటి గుణం పట్టించుకోలేదు, పాత చోటి గుణంతోనే పెరిగాయి. 1959లో ఆయన ఈ సంగతి ప్రచురించాడు. ఇవాళ్టి వ్యాపారమంతా ఆ ఒక్క పరిశీలన మీద నిలబడింది.

మనకు అర్థమయ్యే మాటల్లో చెప్పాలంటే తల వెనక భాగం నారుమడి, ముందు భాగం నాట్లు వేసే పొలం. ఒక తేడా ఉంది. వరిలో మళ్లీ నారు పోసుకోవచ్చు, ఇక్కడ కుదరదు. వెనక నుంచి పీకిన కుదురు స్థానంలో కొత్త కుదురు రాదు. ఆ నారు జన్మకు ఒక్కసారే పోసింది.

లెక్క వేసి చూద్దాం. వెనక భాగంలో చదరపు సెంటీమీటరుకు సుమారు 70 నుంచి 80 కుదుళ్ల గుంపులు ఉంటాయి. ఒక్కో గుంపునే గ్రాఫ్ట్ అంటారు. ఒక్కో గ్రాఫ్ట్‌లో ఒకటి నుంచి నాలుగు వెంట్రుకలు, సగటున రెండు పైచిలుకు. వెనక పలచబడినట్టు కనిపించకుండా జీవితకాలంలో తీయగలిగినవి చాలామందికి 5,000, 6,000 గ్రాఫ్ట్‌ల దగ్గర ఆగిపోతాయి. కొందరికి అంత కూడా ఉండదు. ముందు భాగంలో చదరపు సెంటీమీటరుకు 35, 40 గ్రాఫ్ట్‌లు నాటితే ఒత్తుగానే కనిపిస్తుంది, ఎందుకంటే సగం జుట్టు పోయేదాకా మన కన్ను పలుచదనాన్ని గుర్తుపట్టదు. నుదురు వరకే అయితే 50, 60 చదరపు సెంటీమీటర్లు, అంటే రెండు వేల పైన గ్రాఫ్ట్‌లు. నుదుటి నుంచి నడినెత్తి దాకా మొత్తం పోయినవారిలో ఖాళీ స్థలం 200 చదరపు సెంటీమీటర్ల దాకా ఉంటుంది. దానికి 7,000 పైనే కావాలి. నారు చాలదు.

ఇప్పుడు మొదటి క్లినిక్ మాట గుర్తు చేసుకోండి. 26 ఏళ్ల కుర్రాడికి, తండ్రికి పూర్తి బట్టతల ఉన్న కుర్రాడికి, నుదుటి మీదే నాలుగున్నర వేలు పోస్తామన్నారు. వాడి సొంత జుట్టు ఇంకా రాలుతూనే ఉంది. నలభై ఏళ్లొచ్చేసరికి ముందు నాటిన గీత మాత్రం నల్లగా నిలబడుతుంది, దాని వెనక ఖాళీ, ఆ ఖాళీ నింపడానికి నారుమడిలో ఏమీ మిగలదు. పదహారేళ్ల కుర్రాడికి ఉన్నట్టు కిందకి, తిన్నగా గీసిన హెయిర్‌లైన్ పెళ్లి ఫొటోలో బాగుంటుంది. యాభై ఏళ్ల మొహానికి ఎలా ఉంటుందో ఆ రోజు ఎవరూ గీసి చూపించరు. క్లినిక్ మంచిదా కాదా అని నేను తేల్చుకునే మొదటి గుర్తు ఇదే: వాళ్లు వెనక చూశారా, పదిహేనేళ్ల తర్వాతి సంగతి మాట్లాడారా?

మందుల ప్రస్తావన వచ్చిందా లేదా అన్నది రెండో గుర్తు. రాసుకునే మినాక్సిడిల్‌కు అమెరికాలో 1988లో, ఫినాస్టరైడ్ 1 మిల్లీగ్రాము మాత్రకు 1997లో బట్టతల కోసం అనుమతి వచ్చింది. ఉన్న జుట్టును కాపాడేవి ఇవి. ట్రాన్స్‌ప్లాంట్ అయితే జుట్టు లేనిచోట పెడుతుంది తప్ప, ఉన్నది రాలకుండా ఆపదు. ఫినాస్టరైడ్‌తో కొందరిలో లైంగిక సమస్యలు రావచ్చు కాబట్టి డాక్టరుతో మాట్లాడుకునే వాడాలి. గర్భిణులు నలిగిన మాత్రను ముట్టుకోకూడదు కూడా. ఇవన్నీ చెప్పడానికి సమయం పడుతుంది, డబ్బు రాదు. అందుకే చాలాచోట్ల చెప్పరు.

అసలు అది బట్టతలేనా అన్నది ఇంకో సంగతి. టైఫాయిడో డెంగ్యూనో వచ్చిన రెండు మూడు నెలలకు, కాన్పు తర్వాత, కడుపు మాడ్చుకుని బరువు తగ్గినప్పుడు జుట్టు గుప్పెళ్లుగా ఊడుతుంది. చాలావరకు దానంతట అదే తిరిగొస్తుంది. రూపాయి బిళ్లంత మేర నున్నగా ఊడిపోయే పేనుకొరుకుడు వేరే జబ్బు. అది పాకుతుండగా నాట్లు వేస్తే నాటినవీ పోతాయి. కుదురే మచ్చగా మారిపోయే జబ్బులు ఇంకొన్ని ఉన్నాయి. కొద్దిమందికి వెనక జుట్టు కూడా సన్నబడుతుంటుంది, వాళ్ల నారుమడే నమ్మదగింది కాదు. ఆడవాళ్లకైతే ముందు రక్తహీనత, థైరాయిడ్ చూడాలి. ఇవన్నీ చర్మవైద్యుడు చూసి చెప్పాల్సినవి. ఫొటో వాట్సాప్‌లో పంపిస్తే గ్రాఫ్ట్‌ల లెక్క చెప్పే చోట ఈ పరీక్ష ఎక్కడ జరిగినట్టు?

పేర్ల గారడీ, ఒక గుండు సంగతి

క్లినిక్‌లో అడుగు పెట్టగానే ఎఫ్‌యూఈ, డీహెచ్‌ఐ, సఫైర్, బయో ఫలానా, రోబో ఫలానా అంటూ మెనూ కార్డు పెడతారు. నిజానికి కుదుళ్లు తీసే పద్ధతులు రెండే. తల వెనక నుంచి చర్మం పట్టీని కోసి, కుట్లు వేసి, ఆ పట్టీని మైక్రోస్కోపు కింద కుదుళ్లుగా విడదీస్తే అది ఎఫ్‌యూటీ. ఒక మిల్లీమీటరు, అంతకంటే సన్నటి పంచ్‌తో, అంటే గుండ్రంగా కోసే చిన్న గొట్టంతో, ఒక్కో కుదురునూ విడిగా తీస్తే ఎఫ్‌యూఈ. మిగతావన్నీ నాటే పద్ధతికో పనిముట్టుకో పెట్టిన పేర్లు. సఫైర్ అంటే రంధ్రాలు చేసే బ్లేడు నీలమణితో చేసింది, అంతే. డీహెచ్‌ఐ అంటే పెన్నులాంటి పరికరంతో నాటడం. ఆ పెన్ను కొరియాలో పుట్టింది. పెన్ను మంచిదే కానీ, పట్టుకున్న చెయ్యి ఎవరిదన్నది దాని మీద రాసి ఉండదు.

రెండు పద్ధతుల మధ్య ఎంచుకునేటప్పుడు మన ఇళ్లలో అడగాల్సిన ప్రశ్న ఒకటుంది, దాన్ని విదేశీ వెబ్‌సైట్లు అడగవు: మీకు తిరుపతి మొక్కు ఉందా? ఎఫ్‌యూటీ చేయించుకున్నవాళ్లు గుండు చేయించుకుంటే తల వెనక ఈ చెవి నుంచి ఆ చెవి దాకా గీతలా మచ్చ కనిపిస్తుంది. ఎఫ్‌యూఈలో అలాంటి గీత ఉండదు కానీ తెల్లటి చిన్న చుక్కలు ఉంటాయి. ఎక్కువ తీస్తే గుండు మీద చిమ్మెట కొట్టిన బట్టలా కనిపిస్తుంది. నాటిన జుట్టు గుండు తర్వాత మళ్లీ పెరుగుతుందా అని కొందరు భయపడతారు. పెరుగుతుంది. గొరిగేది పైపైనే, కుదురు లోపలే ఉంటుంది. కాకపోతే ఆపరేషన్ అయిన తొలి నెలల్లో మొక్కు పెట్టుకోవద్దు, ఎప్పుడు చేయించుకోవచ్చో డాక్టరునే అడగండి.

కత్తి ఎవరి చేతిలో ఉంది

అసలు ప్రమాదం ఇక్కడ ఉంది కాబట్టి దీని మీద కాస్త ఎక్కువ మాట్లాడతాను.

2016లో చెన్నైలో చివరి ఏడాది ఎంబీబీఎస్ చదివే కుర్రాడు ట్రాన్స్‌ప్లాంట్ చేయించుకుని చనిపోయాడు. ఆ చోటుకు ఉన్నది సెలూన్ లైసెన్సు మాత్రమేనని తర్వాత బయటపడింది. 2021లో ఢిల్లీలో 30 ఏళ్ల యువకుడు ఇన్ఫెక్షన్ ఒళ్లంతా పాకి, అవయవాలు ఒక్కొక్కటే దెబ్బతిని పోయాడు. కాన్పూర్‌లో ఒకే క్లినిక్‌కు వెళ్లిన ఇద్దరు ఇంజినీర్లు, ఒకరు 2024 నవంబరులో, ఇంకొకరు 2025 మార్చిలో చనిపోయారని కేసు నడిచింది. చదువుకోనివాళ్లు మోసపోయారని అనుకోవడానికి లేదు. ఒకరు డాక్టరు కాబోతున్నవాడే.

ఢిల్లీ కేసు హైకోర్టు దాకా వెళ్లాక, 2022 సెప్టెంబరులో జాతీయ వైద్య కమిషన్ మార్గదర్శకాలు ఇచ్చింది. ఈ ఆపరేషన్ చేసేవారికి సర్జరీలో పద్ధతి ప్రకారం శిక్షణ ఉండాలి, ప్లాస్టిక్ సర్జరీ లేదా చర్మవైద్యంలో పీజీ చేసినవారు అర్హులు, అత్యవసరమైతే ఐసీయూకు చేర్చే ఏర్పాటు ఉండాలి అన్నది దాని సారాంశం. యూట్యూబ్‌లోనో వర్క్‌షాపుల్లోనో చూసి నేర్చుకుంటే చాలదని కూడా అందులో విడిగా రాశారు. అలా రాయాల్సి వచ్చిందంటే పరిస్థితి ఊహించుకోండి. అదే ఏడాది డిసెంబరులో దంత వైద్య మండలి, దవడ, ముఖ శస్త్రచికిత్సలో పీజీ చేసిన దంతవైద్యులు కూడా చేయవచ్చంది. చర్మవైద్యులు దీనికి ఒప్పుకోరు. ఆ తగవు తేలేది మన దగ్గర కాదు. నా తల అయితే మాత్రం చర్మవైద్యుడికో ప్లాస్టిక్ సర్జన్‌కో అప్పగిస్తాను.

డిగ్రీ గోడ మీద ఉంటే సరిపోదు. పేరు, రిజిస్ట్రేషన్ నంబరు అడిగి తెలంగాణ మెడికల్ కౌన్సిల్ లేదా ఆంధ్రప్రదేశ్ మెడికల్ కౌన్సిల్ రిజిస్టర్‌లో చూసుకోండి. బోర్డు మీద "కాస్మెటాలజిస్ట్", "ట్రైకాలజిస్ట్" అని ఉంటే అది ఏ డిగ్రీ అని అడగండి. వారాల లెక్కన నడిచే కోర్సుల సర్టిఫికెట్లకు కూడా ఆ మాటలు వాడుతుంటారు. క్లినిక్‌కు జిల్లా వైద్యాధికారి దగ్గర చేసుకున్న రిజిస్ట్రేషన్ వేరు, మున్సిపాలిటీ ఇచ్చే ట్రేడ్ లైసెన్సు వేరు. రెండోది కిరాణా కొట్టుకూ ఇస్తారు.

టెక్నీషియన్ల సంగతి న్యాయంగా చెప్పుకోవాలి. రెండు వేల కుదుళ్లను ఒక్క డాక్టరు ఒక్కరోజులో తీసి, విడదీసి, నాటడం కష్టం. మంచి క్లినిక్‌లలో కూడా కుదుళ్లు శుభ్రం చేసేది, నాటేది చాలావరకు శిక్షణ పొందిన సిబ్బందే. అది మోసం కాదు. హెయిర్‌లైన్ గీయడం, మత్తు ఇవ్వడం, చర్మానికి కోత పెట్టడం, కుదుళ్లు బయటికి తీయడం మాత్రం డాక్టరు చేతుల మీదుగానే జరగాలి. కుదురు ఏ కోణంలో ఉందో తెలియకుండా పంచ్ దింపితే వేరు తెగిపోతుంది. తెగిన వేరు నాటినా మొలవదు, వెనక ఉన్నదీ పోయినట్టే. అందుకని "డాక్టరు ఉంటారా" అని అడిగితే లాభం లేదు, అందరూ ఉంటారనే చెబుతారు. "ఏ పని ఎవరు చేస్తారు? డాక్టరు ఆ రోజు ఎంతసేపు గదిలో ఉంటారు? అదే రోజు ఇంకెంతమందికి చేస్తున్నారు?" అని అడగండి. మేం రెండో క్లినిక్‌లో ఈ మూడో ప్రశ్న అడిగితే కౌంటర్ అమ్మాయి "ఐదుగురు సార్, మా సక్సెస్ రేటు అలాంటిది" అంది గర్వంగా.

మత్తు గురించి కూడా. ఈ ఆపరేషన్‌లో పూర్తిగా స్పృహ పోగొట్టరు, లిగ్నోకెయిన్ సూదులతో తలను మొద్దుబారుస్తారు. పళ్లు పీకేటప్పుడు ఇచ్చేదే కదా అని తేలిగ్గా తీసుకుంటాం. ఆ మందుకు బరువును బట్టి గరిష్ఠ మోతాదు ఉంటుంది. అడ్రినలిన్ కలిపిన లిగ్నోకెయిన్ కిలో బరువుకు 7 మిల్లీగ్రాములు దాటకూడదు. 70 కిలోల మనిషికి 2 శాతం మందు సుమారు 24 మిల్లీలీటర్లు. తల చాలా పెద్ద జాగా, మధ్యాహ్నానికి మత్తు దిగగానే మళ్లీ సూదులు వేస్తారు. లెక్క రాసుకునేవాళ్లు లేకపోతే దాటిపోవడం కష్టమేమీ కాదు. నోటి చుట్టూ తిమ్మిరి, చెవుల్లో హోరు, నాలుక మీద లోహపు రుచి అనిపిస్తే వెంటనే చెప్పాలి. ఇవి దాటాక ఫిట్స్ రావచ్చు, గుండె లయ తప్పవచ్చు. మానిటర్, ఆక్సిజన్, అత్యవసర మందులు గదిలోనే ఉన్నాయా, దగ్గర్లోని ఏ ఆసుపత్రితో ఏర్పాటు ఉందో అడగడానికి మొహమాట పడకండి. బీపీ, షుగర్, రక్తం గడ్డకట్టే తీరు, హెచ్‌ఐవీ, హెపటైటిస్ పరీక్షలు చేయకుండా "రేపు ఖాళీ ఉంది, వచ్చేయండి" అన్నచోటికి వెళ్లకండి. రక్తం పలచబడే మాత్రలు వాడేవారు వాటిని క్లినిక్ మాట మీద ఆపకూడదు, రాసిన డాక్టరును అడిగే ఆపాలి.

ధర, ఫొటో, కాగితం

"పది వేల వెంట్రుకలు" అని ఒకరు, "నాలుగు వేల గ్రాఫ్ట్‌లు" అని ఇంకొకరు అంటారు. రెండూ దాదాపు ఒకటే కావచ్చు. కాబట్టి ధర గ్రాఫ్ట్‌కా, వెంట్రుకకా అన్నది ముందు తేల్చుకోవాలి. లెక్క పెంచడానికి రెండు వెంట్రుకల గ్రాఫ్ట్‌ను చీల్చి రెండుగా చూపేవాళ్లూ ఉన్నారు. ఆపరేషన్ అయ్యాక ఒంటి, జంట, మూడు వెంట్రుకల గ్రాఫ్ట్‌లు ఎన్నెన్నో విడిగా రాసి ఇమ్మని ముందే చెప్పండి. "అన్‌లిమిటెడ్ గ్రాఫ్ట్స్" ఆఫర్ చూస్తే నాకు నవ్వొస్తుంది. బిర్యానీ అయితే అన్‌లిమిటెడ్ పెట్టవచ్చు, మీ తల వెనక ఉన్నది ఎలా అన్‌లిమిటెడ్ అవుతుంది?

అందం కోసం చేసే హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్‌కు వైద్యసేవలకిచ్చే జీఎస్టీ మినహాయింపు లేదు. కొటేషన్ పన్నుతో కలిపా, విడిగానా అని అడగండి. "క్యాష్ ఇస్తే జీఎస్టీ ఉండదు" అన్నారంటే బిల్లు ఉండదని అర్థం. రేపు ఏదైనా తేడా వస్తే వినియోగదారుల కమిషన్ ముందు పెట్టడానికి మీ చేతిలో ఏమీ ఉండదు.

ఫొటోలు చూసేటప్పుడు కాస్త పట్టి చూడాలి. ముందు ఫొటో ట్యూబ్‌లైటు కింద తడి జుట్టుతో, తర్వాతది పక్క నుంచి వెలుగుతో, పౌడర్‌లా చల్లుకునే హెయిర్ ఫైబర్‌తో తీస్తే ఏ తలైనా బాగుంటుంది. ఒకే వెలుగులో, జుట్టు తడిపి దువ్వి, ఏడాది తర్వాత తీసినవి అడగండి. అన్నిటికంటే ముఖ్యంగా తల వెనక ఫొటో అడగండి. అది చూపించగలిగే చోట పని ఎలా జరుగుతుందో కొంత తెలుస్తుంది. కుదిరితే ఏడాది కిందట చేయించుకున్న మనిషిని నేరుగా కలవండి.

గల్ఫ్‌లో, అమెరికాలో ఉండే మనవాళ్లకు రెండు దార్లు: సెలవుల్లో హైదరాబాద్ వచ్చి చేయించుకోవడం, లేదా ఇస్తాంబుల్ ప్యాకేజీ. హోటల్, కారు, ఆపరేషన్ అన్నీ కలిపి ఇచ్చే ఆ ఊళ్లో గొప్ప సర్జన్లూ ఉన్నారు, డాక్టరు మొహం కనిపించని చోట్లూ ఉన్నాయి. ఇలాంటి దొంగ క్లినిక్‌ల మీద అంతర్జాతీయ హెయిర్ రెస్టొరేషన్ సర్జన్ల సంఘమే ప్రచారం నడుపుతోంది. ఎక్కడైనా చిక్కు ఒకటే. ఇన్ఫెక్షన్ విమానం దిగాక బయటపడితే చూసేదెవరు? ఈ ప్రశ్నకు రాతపూర్వకంగా జవాబు తీసుకోండి.

చేసిన పని వివరాలు, వాడిన మందులు, గ్రాఫ్ట్‌ల లెక్క ఉన్న రికార్డు మీ హక్కు. అడిగిన 72 గంటల్లో డాక్టరు ఇవ్వాలి. తేడా జరిగితే రాష్ట్ర మెడికల్ కౌన్సిల్‌కూ, జిల్లా వినియోగదారుల కమిషన్‌కూ ఫిర్యాదు చేయవచ్చు. "లైఫ్‌టైమ్ గ్యారంటీ కార్డు" మాత్రం ఆ కాగితాల్లో కలపకండి. దేనికి గ్యారంటీయో అందులో ఎక్కడా ఉండదు.

ముహూర్తం దగ్గర పెట్టుకుని వచ్చేవాళ్ల కోసం ఒక లెక్క. నాటిన వెంట్రుకలు మొదటి రెండు మూడు నెలల్లో చాలావరకు రాలిపోతాయి. కుదురు లోపల ఉంటుంది, భయపడక్కర్లేదు. మూడు నాలుగు నెలలకు మొలకలు, ఆరు నెలలకు కాస్త ఆకారం, ఏడాదికి అసలు ఫలితం. నడినెత్తికైతే ఇంకా ఆలస్యం. మూడు నెలల్లో పెళ్లి ఉందని చేయించుకుంటే పీటల మీద కూర్చునే రోజుకు ఉన్నదానికంటే పలచగా కనిపించే అవకాశమే ఎక్కువ.

మూడో క్లినిక్ డాక్టరు మావాడితో అన్నది ఇదే: "ఇప్పుడు వద్దు. ఏడాది మందులు వాడండి, ఫొటోలు తీసుకుందాం, అప్పుడు చూద్దాం." బయటికొచ్చాక వాడు లిఫ్ట్ దగ్గర "కన్సల్టేషన్ ఫీజు దండగ బావా" అన్నాడు. ఆ ఏడాది గడిచింది. రాలడం తగ్గింది. తర్వాత అక్కడే 1,900 గ్రాఫ్ట్‌లతో నుదురు సరిచేయించుకున్నాడు. నడినెత్తి అలాగే వదిలేశారు, దానికి నారు దాచిపెట్టారు. పెళ్లి చూపులకు మాత్రం ఆపరేషన్‌కు ముందే, ఉన్న జుట్టుతోనే వెళ్లాడు. అమ్మాయి వాళ్ల నాన్నకూ బట్టతలే. ఆ సంగతి అక్కడ ఎవరూ ఎత్తలేదు.